చంద్రమ్మ కోసం వేసిన కుర్చీ

మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనకాల ఒక పాత గోదాము ఉండేది. ఒడ్లు నిలవ చేసే గోదామే. దానికి సున్నం కొట్టించి, మధ్యలో గోడలు లేపి, కిటికీలకు జాలీలు వేయించి, కోదాడ నుంచి వచ్చిన జవహర్ డాక్టరు అందులో మానసిక దవాఖాన పెట్టాడు. ఎంత ఫినాయిలు పోసి కడిగినా ఆ గదుల్లో తవుడు వాసన పోయేది కాదు. తొంభై రెండో సంవత్సరం ఆషాఢంలో నీలా అక్కడ పనిచేస్తుండేది.

గరిడేపల్లి పక్క లంబాడీ తండా పిల్ల. తండ్రి బాల్యా కూలికి, తల్లి జమ్లీ నాట్లకు పోయేవాళ్ళు. సూర్యాపేట హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. ఇంటికి పుస్తకాలు తెప్పించుకుని, మనసు గురించి చెప్పే చదువులో ఎమ్మే కూడా కట్టింది. పగలంతా రోగులకు తలలు దువ్వేది, మాత్రలు మింగించేది, డాక్టరు పక్కన కూర్చుని వాళ్ళ మాటలు వినేది. మాటతోనే మనసు జబ్బు దించుతారట! ఎంత వింత విద్య! అది నేర్పే ట్రైనింగు హైదరాబాదులో ఉంది. అందులో సీటు ఒక్కటే నీలా కోరిక. అన్నం తింటున్నా అదే, జడ వేసుకుంటున్నా అదే.

"శనివారం మా ప్రొఫెసరుగారు వస్తున్నారమ్మా," అన్నాడు జవహర్. "ఆ లింగమ్మ చేత ఆయన ముందు ఒక్క మాట మాట్లాడించు. సీటు సంగతి నేను చూసుకుంటా. నీ వల్ల కాలేదనుకో, మీ తండాలో అంగన్‌వాడీ ఉందిగా, పిల్లలకి ఉప్మా వండుకుంటూ హాయిగా ఉండొచ్చు."

ఆయన నవ్వాడు. నీలా కూడా నవ్వింది. నవ్వకపోతే ఎట్లా మరి?

లింగమ్మది నిడమనూరు. ఆమె బిడ్డ చంద్రమ్మ పదో తరగతి పాసై కాలేజీకి పోతానంది. నాట్లకు పొమ్మన్నారు. ఆ పిల్ల పురుగుల మందు తాగింది. లింగమ్మ పెనిమిటి పెంటయ్య చెప్పింది ఇంతే. బిడ్డ పోయినప్పటి నుంచి లింగమ్మ నోరు మూతపడింది. ఎవరైనా తినిపిస్తే తినేది, లేకపోతే లేదు.

"గోడను కొడితే గోడన్నా మోగుతది నీలమ్మా. ఈమెతోని ఏం పరేషాన్ పడతవ్?" అనేవాడు వార్డు చూసే జంగయ్య.

ఇటువంటివాళ్ళకు ఒక పద్ధతి ఉందని జవహరే నేర్పించాడు. రోగి ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేయాలి. పోయిన మనిషి అందులో ఉన్నారనుకుని రోగి తన కడుపులో ఉన్నదంతా చెప్పాలి. తర్వాత రోగే లేచి ఆ కుర్చీలో కూర్చుని, పోయినవాళ్ళ తరఫున జవాబు చెప్పాలి. మళ్ళీ వచ్చి తన చోట కూర్చోవాలి. అట్లా దుఃఖం దిగుతుందట.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ కుర్చీలో మనం మాత్రం కూర్చోకూడదు," అన్నాడు.

"ఎందుకు సార్?"

"రోగి అటూ ఇటూ పోయొస్తే, చూసుకోడానికి మనం ఉంటాం. మనమే పోతే?"

శుక్రవారం మధ్యాహ్నం నీలా లింగమ్మను చివరి గదిలోకి తీసుకుపోయింది. స్టూలు మీద కూర్చోబెట్టింది. ఎదురుగా కుర్చీ వేసింది. మబ్బు దట్టంగా పట్టి పట్టపగలే చీకటయింది. కరెంటు పోయింది. రోజంతా చెవుల్లో హోరెత్తే మిల్లులు ఒక్కసారిగా ఆగిపోయాయి. రేకుల మీద వాన చప్పుడు. తడిసిన గోడల్లోంచి ముక్కిన తవుడు వాసన...

"అమ్మా, చంద్రమ్మ ఈడ కూసున్నదనుకో. ఏమన్నా అడుగు."

లింగమ్మ కుర్చీ వైపే చూస్తోంది. పెదాలు కదలలేదు.

"పోనీ నువ్వే ఆ కుర్చీల కూసో."

కదలలేదు. చెయ్యి పట్టి లేపబోయింది నీలా. ఆ మనిషి రాయిలా బిగుసుకుపోయింది. తెల్లారితే ప్రొఫెసరు వస్తాడు. తండా కళ్ళముందు కనబడింది, ఉప్మా గిన్నె కనబడింది.

ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది.

వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

చెక్క చల్లగా తగిలింది. తర్వాత... వెచ్చబడింది. అంతకుముందే ఎవరో అందులో కూర్చుని ఉన్నట్టు.

"అమ్మా," అంది నీలా. "నేను చంద్రమ్మను."

లింగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుప్పు పట్టిన గొంతు పెగిలింది.

"ఎందుకు తాగినవే బిడ్డా?"

మాట్లాడింది! నీ మీద కోపం లేదమ్మా అని చెప్పాలి. ఆ మాట ముందే అనుకుని పెట్టుకుంది. నోరు తెరిచింది.

"గొళ్ళెం ఎందుకు పెట్టినవ్?"

ఆ మాట ఆమె అనుకున్నది కాదు. గొళ్ళెం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఏడిస్తే నోరు మూసుకోమన్నవ్. మందు డబ్బా ఆ అర్రలనే ఉన్నదని నీకు తెల్వదా? గొంతు మండుతున్నదని తలుపు కొట్టిన. ఎంతసేపు కొట్టిన అమ్మా..."

నీలా నోరు మూసుకోవాలనుకుంది. మూతపడలేదు. నాలుక మీద చేదు. ముక్కుల్లోకి పురుగుల మందు వాసన. ఘాటుగా. లోపలి నుంచి.

లింగమ్మ స్టూలు దిగి వచ్చి ఆమె మోకాళ్ళు పట్టుకుంది. "నాటకమాడుతున్నవనుకున్న బిడ్డా... తెల్వకపాయె... నీకేం కావాల్నో చెప్పు, ఇస్త."

"సదువుకుంట," అంది నోరు.

కరెంటు వచ్చింది. మిల్లులు మళ్ళీ హోరెత్తాయి. నీలా దిగ్గున లేచి నిలబడింది. లేవడం తేలిగ్గానే అయింది. మరీ తేలిగ్గా అయింది... ఏదో అక్కడే వదిలేసి లేచినట్టు.

శనివారం ప్రొఫెసరు ముందు లింగమ్మ గలగలా మాట్లాడింది. అడిగి మరీ పెరుగన్నం తిన్నది. "నేనే దగ్గరుండి చేయించానండీ," అన్నాడు జవహర్. నీలా గోడకు ఆనుకుని నిలబడింది. మెప్పు దక్కకపోయినా సీటు దక్కింది. "రేపు మాతో జీపులో వచ్చెయ్యమ్మా," అన్నాడు ప్రొఫెసరు.

పెంటయ్య భార్యను తీసుకుపోవడానికి వచ్చాడు. లింగమ్మ గడప దగ్గర ఆగి, నీలా చెంపలు రెండు చేతులతో నిమిరింది. మొగుడి వైపు తిరిగి మెల్లగా, గర్వంగా అంది.

"మన పిల్ల ఇగ సదువుకుంటది. నువ్వు ఏమనకు."

ఆదివారం పొద్దున జంగయ్య వెతుక్కుంటూ వచ్చాడు. "నువ్వు గీడున్నవా? మరి ఆ కుర్చీ ఉన్న గదిల ఎవరు? నిన్నటి నుంచి ఎవరో మాట్లాడుతున్నరు. మీ తండా మాటలే కదా, నువ్వే అనుకున్న. తలుపు తీస్తే కుర్చీ ఉన్నది, మనిషి లేదు."

నీలా వెళ్ళి తలుపు దగ్గర చెవి పెట్టింది. ఆడగొంతు. సన్నగా, ఎడతెగకుండా... ఏదో బతిమాలుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏం మాటలివి జంగన్నా?"

జంగయ్య ఆమెను వింతగా చూశాడు. "ఎక్కిరిస్తున్నవా? నువ్వు మీ అమ్మతోని మాట్లాడేటివే."

అప్పుడే జమ్లీ వచ్చింది. కూతురికి సీటొచ్చిన కబురు అందగానే సద్దిమూటతో తొలి బస్సుకే బయల్దేరింది. వస్తూనే నీలా గడ్డం పట్టుకుని ఏదేదో మాట్లాడింది. నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. పుట్టినప్పటి నుంచి విన్న గొంతు. ఆ గొంతులోంచి వచ్చేవి వట్టి చప్పుళ్ళు... వాన చప్పుడులా.

"అమ్మా, తెలుగుల చెప్పు," అంది నీలా.

జమ్లీ చెయ్యి వెనక్కు తీసుకుంది. ఈ పిల్ల ఎన్నడూ తనను అట్లా పిలవలేదు.

గదిలోంచి వినబడింది.

"యాడీ..."

తండాలో పిల్లలు తల్లిని పిలిచే పిలుపు. జమ్లీ తలుపు వైపు తిరిగింది. నీలా వైపు ఒక్కసారి చూసింది. పరాయి ఆడమనిషికి చెప్పినట్టు, వచ్చీరాని తెలుగులో అంది.

"జర పక్కకు జరుగమ్మా."

లోపలికి పోయి తలుపు మూసుకుంది. రెండు గొంతులు వినబడ్డాయి. ఒకటి ఏడుస్తోంది. ఒకటి ఊరడిస్తోంది.

బయట జీపు హారను మోగింది. "నీలా! ఆలస్యమవుతోంది," అని జవహర్ అరిచాడు. నీలా తలుపు మీద చెయ్యి వేసింది. ఇట్లా కొడితే లోపలివాళ్ళు తీస్తారా? చెయ్యి కొట్టలేదు. కాళ్ళు మాత్రం జీపు వైపు నడిచాయి. ఎంత తొందరో వాటికి!

జీపు మలుపు తిరుగుతుంటే వెనక్కు చూసింది. జమ్లీ రోడ్డు మీద బస్టాండు వైపు పోతోంది. కొంగు పక్కకు చాపి, ఎవరికో వాన తగలకుండా పట్టింది. పక్కకు తిరిగి మాట్లాడుతూ, చిన్నగా నడుస్తోంది. రోడ్డు మీద నీళ్ళు నిలిచిన చోట ఆమె ఆగింది.

ఆమె పక్కన, మనిషి లేని చోట, నీళ్ళు చిందాయి. ఒక అడుగు. ఇంకొక అడుగు...