నులిపురుగుకి ఓ పేరు

"వీటిని చంపేశారా?"

పరిచయమైన మొదటి నిమిషంలోనే ఒక అమ్మాయి అబ్బాయిని అడగాల్సిన ప్రశ్న కాదది. అయినా ఆమె అడిగేసింది. పెంకుపురుగులు కావాలని ఆమె కబురు పెడితే, అతను పాపం ఎంతో ముచ్చటపడి ఆమె ల్యాబుకి అద్దాల పెట్టె పట్టుకొచ్చాడు. అందులో నల్లగా నిగనిగలాడే పెంకుపురుగులు, స్పిరిట్‌లో కడిగి, ఆరబెట్టి, కాళ్లు సర్ది, సూదులు గుచ్చి ఉన్నాయి. పురుగుల మ్యూజియంలో అతని ఉద్యోగమే అది.

"చంపకపోతే కదులుతాయి కదండీ," అన్నాడు.

"నాక్కావలసింది ఇవి కాదు, వీటి లోపలుండే నులిపురుగులు. మీరు స్పిరిట్‌లో ముంచగానే అవీ పోయాయి."

"లోపల ఇంకో పురుగుంటుందా?"

ఆమె తల పట్టుకుంది. అతని ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. స్టూలు చూపించి, ఓపిగ్గా చెప్పింది. పార్కులో కుళ్లిన దుంగ కింద దొరికిన పెంకుపురుగులో, ఏ పుస్తకంలోనూ లేని నులిపురుగు ఆమెకు కనిపించింది. మైక్రోస్కోపు లేకపోతే కంటికి ఆనదు. పెంకుపురుగు బతికున్నంత కాలం అది తినదు, పెరగదు. పెంకుపురుగు చచ్చాకే లేచి, కుళ్లిన చోట పుట్టే బాక్టీరియాని తిని పిల్లల్ని పెడుతుంది.

"అన్నాళ్లూ ఊరికే కూర్చుంటుందా?"

"చడీచప్పుడు లేకుండా. మీలా తొందరపడి చంపేయదు."

అతను నవ్వేశాడు. "మరి ఇబ్బందేంటి? పురుగు దొరికిందిగా."

"దొరికినవన్నీ ఆడవే. మగదానితో పని లేకుండానే పిల్లల్ని పెట్టేస్తున్నాయి. మగది ఎప్పుడో గాని పుట్టదు."

"అంటే మగవాళ్ల అవసరమే లేదన్నమాట."

"సంసారానికి లేదు. నా రీసెర్చి పేపరుకి ఉంది. మగదాని తోక ఎలా ఉందో చెప్పకపోతే కొత్త జాతంటే మా సైంటిస్టులు ఒప్పుకోరు. వానలు తగ్గితే పెంకుపురుగులు దొరకవు. నా ఫెలోషిప్పూ అప్పటికే అయిపోతుంది. ఇన్నాళ్ల పని మూటగట్టి అటకెక్కించాల్సిందే."

పక్క గదిలోంచి ఆమె ప్రొఫెసర్ మేడమ్ తొంగిచూసింది. "బతికున్నవి పట్టుకురా బాబూ. కొత్త జాతి తేలితే పట్టినవాళ్ల పేరు పెడతాం. మా ల్యాబులో ఒకటే రూలు. సొంత పేరు, ఇంట్లోవాళ్ల పేరు మాత్రం పెట్టనివ్వను. చదివినవాళ్లు నవ్వుతారు."

ఆ మర్నాటి నుంచి అతను వానలో తడుస్తూ దుంగలు తిరగేశాడు. చేతికి దొరికిన డబ్బా ఇంట్లో అమ్మ లంచ్ బాక్సు. ఓరోజు ఆవిడ మూత తీసి కెవ్వుమంది.

"ఇంత బుద్ధిగా వానలో తిరుగుతున్నావంటే పురుగుల కోసం కాదులే," అంది తేరుకున్నాక. "ఎవర్రా ఆ అమ్మాయి?"

అతను మూత పెట్టేసి లోపలికి జారుకున్నాడు. ఆవిడ మాత్రం మర్నాడు ఆ డబ్బా మూతకి గాలాడేలా తనే బెజ్జాలు పొడిచి ఇచ్చింది.

ల్యాబులో రోజూ అదే పని. ఆమె ఒక్కో పెంకుపురుగునీ కోసి, అగర్ జెల్లీ పోసిన గాజు ప్లేటులో పెడుతుంది. నులిపురుగులు లేచి పెరిగాక మైక్రోస్కోపు కింద వెతుకుతుంది. అతను పక్కన కూర్చుని ప్లేట్లు అందిస్తాడు. పని లేకపోయినా అందిస్తాడు. కిటికీ బయట వాన సన్నబడుతోందంటే ఇద్దరికీ దిగులుగానే ఉండేది, కారణాలు మాత్రం వేరు.

ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"రండి. మెల్లగా. టేబుల్ కదపకండి."

అతను కన్ను ఆనించాడు. దారప్పోగంత మగపురుగు, కొక్కెంలా వంగిన తోకతో మెలికలు తిరుగుతోంది. ఇన్నేళ్లుగా నిగనిగలాడే వీపులు తప్ప చూడని మనిషి కన్ను తీయకుండా చూశాడు.

"ఎంత బావుందండీ," అన్నాడు చివరికి.

ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "దీనికి మీ పేరే పెడతాను."

అతను గబుక్కున లేచాడు. "వద్దండీ," అన్నాడు. గొడుగు కూడా మర్చిపోయి వెళ్లిపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది. రాత్రంతా సమాధానపడాలని చూసినా మనసు ఒప్పలేదు. మర్నాడు పేపరు డ్రాఫ్టు, గొడుగు, లంచ్ బాక్సు పట్టుకుని మ్యూజియంకి వెళ్లింది. అతను ఒక పెంకుపురుగు కాలు సర్దుతున్నాడు. ఆమెను చూడగానే ఆ కాలు కాస్తా విరిగింది.

"నులిపురుగుకి మీ పేరేంటని నామోషీనా?"

"నామోషీ కాదు."

"మరి? అన్నాళ్లు తడిసింది మీరు. నేను వేరేవాళ్ల పేరెలా పెడతాను?"

"మీ మేడమ్ రూలు ఉంది కదండీ."

"ఏ రూలు?"

అతను చేతిలో సూది పక్కన పెట్టాడు. "ఇంట్లోవాళ్ల పేరు పెట్టకూడదని. ఇప్పుడు నా పేరు పెట్టేశారనుకోండి, రేపు మిమ్మల్ని పెళ్లి చేసుకుంటానని అడగడానికి నాకు దారుండదు. అందరూ నవ్వేది మిమ్మల్ని చూసి." విరిగిన కాలుని వేలితో పక్కకి జరిపాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. మొదటిరోజు తిట్టకుండా స్టూలు చూపించారే, అప్పట్నుంచీ."

ఆమె టేబుల్ మీదున్న పెన్ను తీసుకుని, డ్రాఫ్టులో పురుగుకి పెట్టిన అతని పేరు వెతికి, అడ్డంగా కొట్టేసింది.

అతను ఆ గీత వైపు ఓసారి, ఆమె వైపు ఓసారి చూశాడు.

"మరి పురుక్కి పేరు?" అన్నాడు మెల్లగా. "మా అమ్మది పెట్టండి. డబ్బా ఆవిడదేగా, బెజ్జాలూ ఆవిడే పొడిచింది."

"ఆవిడ పేరూ కుదరదు."

"ఎందుకని?"

ఆమె లంచ్ బాక్సు అతని చేతిలో పెట్టింది.

"అత్తగారి పేరు పెడితే మేడమ్ ఊరుకుంటారా?"