పదిహేడో తూము

“నగరం కింద పాత కాలవలకి నలభై తూములున్నాయి. వాటిలో ఒకదానికి విదేశీ ముఠా బాంబు పెట్టింది. రేపు ఒంటిగంటకి పేలితే నది ఊళ్లోకొచ్చేస్తుంది. నలభై వెతికే టైం లేదు,” అన్నాడు చీఫ్. “ఏ తూమో ఆ ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్‌కి తెలుసు. లైబ్రరీలో పాత కాలవల పటాల ప్రదర్శనకి వస్తుంది. అక్కడ నువ్వు అటెండర్‌వి. పాస్‌వర్డ్ ‘భోంచేశారా?’ నీ జవాబు ‘మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.’”

“అది అందరూ అడిగేదే కదా సార్!”

“నిన్నెవరైనా అడిగి ఎన్నాళ్లయింది?”

ఆరేళ్లు. ఏజెంట్ జవాబు బట్టీపట్టాడు.

మర్నాడు ఖాకీ చొక్కా, పెట్టుడు మీసం, గుండీలో ట్రాన్స్‌మిటర్. వచ్చినవాళ్లంతా పటాల్లో తమ వీధి వెతుక్కుని మురిసిపోతున్నారు. అతనికి వెతుక్కోడానికి వీధే లేదు. ఏ ఊళ్లోనూ మూడు నెలలు మించి ఉండలేదు, ఏ పేరూ తనది కాదు. ఏడుపొచ్చింది. మీసం ఊడుతుందని ఆపుకున్నాడు.

పన్నెండున్నరకి వెనకనుంచి ఆడగొంతు.

“భోంచేశారా?”

“మా ఇంట్లో పొయ్యి వెలగలేదు,” అన్నాడు తిరక్కుండానే.

“అయ్యో పాపం! పొద్దున్నే చెప్పొద్దూ అన్నయ్యా?” అంది పటాల అద్దాలు తుడిచే ఆవిడ. “రండి, నా బాక్సు ఇద్దరికి సరిపోతుంది.”

డ్యూటీలో తినకూడదని రూలు. అయినా వెళ్లాడు. మెట్ల కింద బల్ల దగ్గర రెండో ముద్ద ఎత్తుతుండగా నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, గుప్పుమన్న సెంటు ప్రత్యక్షమయ్యాయి.

“భోంచేశారా?”

“మా ఇంట్లో పొయ్యి...” అంటుంటే మెతుకులు రాలాయి.

ఆమె ముద్దని చూసింది, పక్కనున్న ఆవిడని చూసింది. ఇదేదో వల అనుకుంది కాబోలు, హైహీల్స్ టకటకలాడించుకుంటూ మాయమైంది.

పన్నెండూ యాభై.

“మళ్లీ వచ్చిందీ సెంటావిడ!” విసుక్కుంది తుడిచే ఆవిడ. “మూడ్రోజులుగా ఎవడో పొడుగాయన్ని వెంటేసుకొచ్చి, అద్దం మీద ఒకే చోట వేలుపెట్టి చూపిస్తుంది. తుడవలేక చస్తున్నా.”

ముద్ద వదిలేసి లేచాడు. “ఏ చోటమ్మా?”

ఆవిడ పటం దగ్గరికి తీసుకెళ్లి గుడ్డతో చూపించింది. అద్దం వెనక పదిహేడో తూము.

గుండీ నొక్కాడు. “చీఫ్, పదిహేడు!”

బాంబ్ స్క్వాడ్ వైరు కత్తిరించేసరికి టైమర్‌లో మిగిలింది రెండు సెకన్లు. పొడుగాయనతో సహా ముఠా దొరికిపోయింది.

“శభాష్!” అన్నాడు చీఫ్ సాయంత్రం. “రేపే రైలెక్కు. కొత్త ఊరు, కొత్త పేరు.”

“ఎల్లుండి వెళ్తాను సార్.”

“ఏం?”

“ఆవిడ బాక్సు నా దగ్గరుండిపోయింది. ఖాళీగా ఎలా ఇస్తాను? రేపు మా ఇంట్లో పొయ్యి వెలగాలి.”