గౌతమి అపార్ట్‌మెంట్స్ వెనక గునుగు

ఆ ఉదయం సూర్యప్రభ కూతురి కోసం గది సర్దుతోంది. పరుపు తెచ్చి బాల్కనీలో ఎండకు వేసింది. పాత నేత చీరలు ఉతికి, చింపి, పొత్తిగుడ్డలుగా మడతపెట్టింది. అమలకు తొమ్మిదో నెల. అమావాస్య వెళ్ళగానే, గురువారం, తొలికాన్పుకు పుట్టింటికి వస్తుంది. అత్తగారిల్లు అదే బిల్డింగులో కింద ఫ్లాటు. మధ్యలో ఉన్నవి రెండంతస్తుల మెట్లే. అయినా ఆ రాక కోసం సూర్యప్రభ నెలల తరబడి ఎదురుచూస్తోంది.

కింద వెనక గోడ వెంట ఒక మనిషి కొడవలితో చెత్తమొక్కలు కొడుతున్నాడు.

"వేళ్ళతో సహా పీకెయ్ బాబూ!" బాల్కనీలోంచి కేకేసింది. "పసిబిడ్డ వచ్చే ఇల్లు. ఒక్క దోమ ఉండకూడదు."

కొత్తపేటలో ఏ వీధిలో చూసినా డెంగీ జ్వరాలే. పీకిన మొక్కలన్నీ చెత్త రిక్షా ఎక్కి వెళ్ళిపోయాక, బోసిగా మిగిలిన ఆ మట్టిని చూసి ఆవిడ మనసు కుదుటపడింది.

గౌతమి అపార్ట్‌మెంట్స్ కట్టి పాతికేళ్ళయింది. అంతకుముందు అది యాదగిరి వాళ్ళ జొన్నచేను. రాజమండ్రి నుంచి వచ్చిన బిల్డరు దాని మీద అంతస్తులు లేపి, తన ఊరి నది పేరు పెట్టుకున్నాడు. భూమి ఇచ్చినందుకు యాదగిరికి కింది ఫ్లాట్లు దక్కాయి. అతని భార్య అనంతమ్మ అప్పుడు ఒకే ఒక్క పేచీ పెట్టింది. వెనక గోడ పక్కనున్న సన్నటి జాగాలో సిమెంటు పోయనివ్వలేదు. పల్లెటూరి చాదస్తం అనుకున్నారందరూ.

తణుకు నుంచి సూర్యప్రభ చంకలో అమలతో దిగిన కొత్తలో పై ఫ్లాట్లకు నీళ్ళెక్కేవి కావు. అనంతమ్మే తన బావిలోంచి తోడి ఇచ్చేది. తర్వాత ఆ బావినీ పూడ్చి సంపు కట్టారు. అమల, అనంతమ్మ కొడుకు నవీన్ ఆ మెట్ల మీదే ఆడుకుని పెరిగారు. రెండు ఇళ్ళ పెద్దలూ మొహాలు మాడ్చుకుని కూర్చుంటే, వాళ్ళు పెళ్ళి చేసుకుని వచ్చారు.

ఇప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. నవీన్ ఆఫీసు మానేసి ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్ష టెంటులో కూర్చుంటున్నాడు. సూర్యప్రభ భర్త గంగాధరరావు దిల్‌సుఖ్‌నగర్‌లో నడిపే కోచింగ్ సెంటరు మూతపడింది. ఎవరో రాయి విసిరితే బోర్డు పగిలింది. వియ్యంకులు మెట్ల దగ్గర ఎదురుపడితే ఒకాయన ఫోను చూసుకుంటాడు, ఇంకొకాయన చెప్పులు వెతుక్కుంటాడు.

"ఎవలు కోసిన్రు? ఎవలు కొయ్యమన్నరు?"

అనంతమ్మ కేక బిల్డింగంతా వినబడింది. సూర్యప్రభ గబగబా దిగి వెళ్ళింది. వియ్యపురాలు ఖాళీ వెదురుబుట్ట పట్టుకుని ఆ మట్టి ముందు నిలబడి ఉంది.

"నేనే చెప్పాను వదినగారూ. దోమలు పెరుగుతున్నాయని ఆ పిచ్చిమొక్కల్ని..."

"పిచ్చిమొక్కలా? రేపు ఎంగిలిపూల బతుకమ్మ. గీ పొద్దు పూలు తెంపి నీళ్ళల్ల పెట్టుకోవాలె. ఇన్నేండ్ల సంది మా ఇంటెనక ఏం పూస్తుందో నీకెరుక లేదా? కావాల్నని పీకిపిచ్చినవ్."

"కావాలని చేయడానికి నాకేం పని? గడ్డి పీకిస్తే పండగ పాడు చేసినట్టా? పూలు కావాలంటే కొనుక్కోండి. నిరుడు రంగురంగులవి కొన్నారుగా!"

"కొన్నమట!" అనంతమ్మ పక్కనున్న భర్త వైపు తిరిగింది. "ఇన్నవా? కొన్నమట!"

గంగాధరరావు కూడా కిందికి వచ్చాడు. "ఏంటండీ ఈ రభస? ఇది కామన్ ఏరియా. అసోసియేషన్ ప్రెసిడెంటుగా నేనే సరేనన్నాను. మీరు స్థలం ఇచ్చేసి పాతికేళ్ళయింది. ఇంకా మీ పొలమే అనుకుంటే ఎలా?"

లోపలినుంచి నవీన్ వచ్చాడు. "ఇచ్చినం మామా. నీళ్ళు మీకే, కొలువులు మీకే. పిడికెడు మట్టి ఉంచుకుంటే గది గూడ మీ కండ్లల్ల పడ్డదా?"

"నా బోర్డు పగలగొట్టినవాళ్ళు నాకు న్యాయం చెప్పొద్దు!"

"నేను పగలగొట్టిన్నా? చూసిన్రా?"

"నువ్వు కాకపోతే నీ టెంటులోవాళ్ళు!"

"జర ఊకోరాదు బిడ్డా," యాదగిరి కొడుకు భుజం పట్టుకున్నాడు.

"ఊకునేదేంది?" అనంతమ్మ బుట్టను నేలకేసి కొట్టింది. "ఇను వదినా. నా కోడలు నీ మెట్లెక్కది. కాన్పు ఈడనే అయితది."

సూర్యప్రభకు ఒళ్ళు మండింది. "తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అది నా హక్కు. కాదనడానికి మీరెవరు?"

"పుట్టిల్లా? నువ్వనే పుట్టిల్లు గూడ మా చేన్లనే ఉన్నది!"

గుమ్మంలో అమల నిలబడి ఉంది, తలుపు పట్టుకుని. సూర్యప్రభ కూతురి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. వస్తావా, రావా?"

అమల తల్లి మొహంలోకి చూసింది. "నిరుడు మా బతుకమ్మను చూసి, ఈ గులాబీ రంగు పూలు ఎంత బావున్నాయే, ఎక్కడ కొన్నారూ అన్నావు గుర్తుందా?"

"అయితే?"

"అవే అమ్మా, నువ్వు పీకించినవి. గునుగు. తెల్లటివి తెంపి, వేడినీళ్ళలో రంగు కలిపి ముంచుతాం. ఈ చేనున్నప్పటి గింజలు. ఏటా వానలకు వాటంతటవే మొలుస్తాయి. చేను పోయాక అత్తమ్మకు మిగిలింది అదొక్కటే." అమల తలుపు వదిలి ఒక అడుగు ముందుకేసింది. "నాకు పెళ్ళయి రెండేళ్ళు. నువ్వు ఒక్కసారి కిందికొచ్చి మేం బతుకమ్మ పేరుస్తుంటే చూసి ఉంటే తెలిసేది."

ఆ పిల్ల లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అనంతమ్మ తలుపు వేసి ఉంటే సూర్యప్రభ కొట్టి ఉండేది. కూతురు వేసిన తలుపు ముందు ఆవిడ చెయ్యి లేవలేదు.

పైకి వచ్చాక గంగాధరరావు ఆపకుండా తిడుతూనే ఉన్నాడు. "ఫ్లాటు అమ్మేసి పోదాం. ఈ మనుషుల మధ్య ఇక ఉండలేం."

"అమ్మాయిని కూడా అమ్మేసి పోదామా?" అని సూర్యప్రభ సంచి తీసుకుని బయటికి నడిచింది.

కొత్తపేట మార్కెట్లో పూలు లేవు. బస్సులు లేక ఊళ్ళనుంచి ఏమీ రావడం లేదన్నారు. కిక్కిరిసిన షేరాటోలో హయత్‌నగర్ దాకా వెళ్ళింది. డిపోలో బస్సులన్నీ కదలకుండా నిలబడి ఉన్నాయి. అక్కణ్ణుంచి ఇళ్ళు పలచబడేదాకా నడిచింది. ఒక చెలకలో కలుపు తీస్తున్న ఆడమనిషిని, ఇక్కడ గునుగు ఉంటుందా అని అడిగింది.

మాట తీరు విని ఆవిడ నడుము నిటారు చేసింది. "ఏమమ్మా, ఆంధ్రోళ్ళు గూడ బతుకమ్మ ఆడవట్టిన్రా?"

"నేను ఆడను. ఆడేవాళ్ళ పూలు పీకించేశాను."

ఆ మనిషి ఎగాదిగా చూసింది. జాలేమీ పడలేదు. "గా ఒడ్డు పొంటి ఉన్నది. పో. ముండ్లుంటయ్, చూస్కో."

పొద్దు వాలుతుండగా సూర్యప్రభ తిరిగొచ్చింది. చీర కుచ్చిళ్ళ నిండా పల్లేరు, చేతుల మీద గీతలు. సంచి నిండా తెల్లటి గునుగు. కింది ఫ్లాటు ముందు అనంతమ్మ కూర్చుని నాలుగు బంతిపూలు ముందు పెట్టుకుని చూస్తోంది. సూర్యప్రభ ఆవిడ ఎదుట సంచి దించింది.

"హయత్‌నగర్ అవతల తెంపాను వదినగారూ. నేనే తెంపాను."

అనంతమ్మ సంచి వైపు చూసి మొహం తిప్పుకుంది. "గివి నా చేన్ల పూలా?"

"కావు."

"మరెందుకు తెచ్చినవ్? నీ బిడ్డను తోలమనా?"

"అందుకే బయల్దేరాను." అబద్ధం ఆడబుద్ధి కాలేదు సూర్యప్రభకు. "కానీ అక్కడ వంగి తెంపుతుంటే ఒకటి అనిపించింది. మీ నీళ్ళు తాగాను. మీ పిల్లాడు నాకు అల్లుడయ్యాడు. మీరు ఆ మట్టిలో సిమెంటు ఎందుకు పోయనివ్వలేదో మాత్రం ఒక్కనాడూ అడగలేదు."

ఇంక నిలబడలేక మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అనంతమ్మ ఓదార్చలేదు. సంచిలోంచి ఒక కంకి తీసి తిప్పి చూసింది.

"కాడలు గింత పొట్టిగ తెంపుతరా ఎవలన్న? ఎట్ల పేర్చాలె?" తర్వాత లోపలికి కేకేసింది. "అమలా! పొయ్యి మీద నీళ్ళు పెట్టు. మీ అమ్మకు రంగు కలుపుడు చూపియ్యి. నన్ను సతాయించకుంట."

గిన్నె చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. పై బాల్కనీలోంచి గంగాధరరావు ఒకసారి తొంగి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. నవీన్ అత్తగారిని పలకరించకుండానే దాటి వెళ్ళాడు. సూర్యప్రభ వేళ్ళు గోళ్ళ దాకా గులాబీ రంగులో నానిపోయాయి.

"గురువారం ఎన్ని గంటలకు మంచిగున్నది?" తలెత్తకుండానే అడిగింది అనంతమ్మ.

సూర్యప్రభ చేతిలోని కంకిని గిన్నెలో వదిలేసింది. "పొద్దున్న తొమ్మిదిన్నరకు."

"తీస్కపో. పండుగ తొమ్మిదొద్దులు మాత్రం పొద్దుమూకంగనే కిందికి తోలాలె. నువ్వు గూడ రావాలె."

అనంతమ్మ ముదురు కంకులు కొన్ని ఏరి పక్కన పెట్టింది. వాటిని పట్టుకుని వెనక జాగాలోకి వెళ్ళి, అరచేతుల్లో నలిపి, నల్లటి గింజల్ని ఆ బోసి మట్టి మీద రాల్చింది. సూర్యప్రభ వెనకే వెళ్ళి నిలబడింది.

"ఎక్కడివో గింజలు కదా వదినా. ఇక్కడ మొలుస్తాయా?"

వియ్యపురాలి పిలుపులోంచి 'గారూ' పోయిందని అనంతమ్మ గమనించిందో లేదో. చేతులు దులుపుకుంది.

"మొలుస్తయో లేదో వానలకు చూద్దాం. నువ్వు పీకిపియ్యకుంటే చాలు."

సూర్యప్రభ రంగు చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది.