రెండో బెల్లు

మా కాజాలావిడకి విడాకులు మంజూరైన రోజు మా కుట్టు దుకాణంలో మిషన్లన్నీ ఒకేసారి ఆగాయి. చొక్కాలకి కాజాలు కుట్టడం ఆవిడ పని. మొగుడి చేతిలో తన్నులు తిని వచ్చిన రోజున కూడా ఒక్క కాజా వంకర పోనిచ్చేది కాదు. కోర్టు నుంచి నేరుగా దుకాణానికొచ్చి, సూదిలోకి దారం ఎక్కిస్తూ, "అయిపోయిందే," అంది. దారం కొస ముడేసి తలెత్తి, "నాకు పార్టీ బస్సు ఎక్కాలనుంది," అంది.

మాది సంత ఊరు. ధాన్యం గోదాములు, ఎరువుల కొట్లు, వారానికోసారి పశువుల బేరాలు. అలాంటి ఊళ్లో ఒక పాత సర్వీసు బస్సు కొని, సీట్లు పీకించి, గోడల వెంట సోఫాలు బిగించి, పైన రంగు దీపాలు పెట్టి అద్దెకు తిప్పుతున్నాడు బాబాయ్. ఊరందరికీ ఆయన బాబాయే. బస్సులో కూల్‌డ్రింకులు అందించి, పాటలు మార్చే అమ్మాయిని మాత్రం ఆయన 'చెల్లీ' అంటాడు. బాబాయి చెల్లెలు మనకి అత్త అవ్వాలి కదా? ఆ వరస ఎవరూ అడగలేదు. పుట్టినరోజులకీ, ఎన్నికల్లో గెలిచినప్పుడూ ఆ బస్సెక్కిన మగాళ్లందరూ కూడా చెల్లీ అనే పిలిచారు. పిలుస్తూనే చెయ్యి పట్టుకుని లాగారు.

పోయిన వానాకాలం ఆ అమ్మాయి నడుస్తున్న బస్సు వెనక తలుపులోంచి రోడ్డు మీద పడి చచ్చిపోయింది. "తాగి దూకింది," అన్నాడు బాబాయ్. ఊరు సరేనంది. ఆడది చచ్చిపోతే మా ఊరికి ఒక్క వాక్యం చాలు. ఆమె పేరేమిటని నేను చాలామందిని అడిగాను. ఎవరికీ తెలీదు.

ఇప్పుడు ఆ పనిలో మా అక్క కూతురు చిట్టి చేరింది.

"నీకింక ఊళ్లో పనే దొరకలేదుటే?"

"నీ దగ్గర కూచుని అంచులు కుడితే మెడ పట్టేస్తోంది పిన్నీ. అక్కడైతే పాటలైనా వినొచ్చు."

"అక్కడ వినాల్సినవి పాటలొక్కటే కాదు."

"పోనీ నువ్వే ఓసారి ఎక్కి చూడు. నీకు నచ్చకపోతే మానేస్తా. ఒట్టు."

అందుకే బస్సు నేనే మాట్లాడాను. చిట్టి మొదటి ట్రిప్పు మాదే అవ్వాలని పట్టుబట్టాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బస్సు మా దుకాణం ముందు ఆగింది. దుకాణంలో కుట్టే ఆడవాళ్లందరం బయటికొచ్చాం. ఎండ మండుతోంది. బాబాయ్ మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు.

"విడాకులకి పార్టీ ఏమిటమ్మా, వినడానికే బాలేదు."

"తన్నులు వినడానికి బాగున్నాయా బాబాయ్?" అంది కాజాలావిడ. "మీ ఇల్లు మా గోడ పక్కనే కదా."

ఆయన నవ్వేశాడు. ఆ నవ్వుతోనే ఊళ్లో సగం పనులు చేయించుకుంటాడు. "సరే సరే. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తున్నారు, నేను బైకు మీద వెనకే వస్తుంటా."

"ఇంతమందిమి ఒంటరిగా ఎలా అవుతాం బాబాయ్?" అన్నాను.

వినిపించుకోలేదు. లోపలికి కేకేశాడు. "చెల్లీ, అక్కలకి మంచినీళ్ల సీసాలియ్యి."

"నా పేరు చెల్లి కాదు బాబాయ్," అంది చిట్టి.

"ఈ బండిలో అంతేనమ్మా. మనుషులు మారతారు, చెల్లి మారదు."

లోపలికి అడుగుపెడితే పట్టపగలే చీకటి. ఆ కర్టెన్లు నేను కుట్టినవే. వెలుతురు చుక్క కూడా రాకూడదని రెండు పొరల గుడ్డ వేయించుకున్నాడు బాబాయ్. ముందు డ్రైవరుకీ మాకూ మధ్య మందపాటి అద్దం. వెనక చివర చెక్కలతో కట్టిన చిన్న గది. దానికి 'విశ్రాంతి గది' అని బోర్డు. బస్సు వెనక తలుపు ఆ గదిలోనే ఉంది, ఇప్పుడు మేకులు కొట్టి మూసేశారు. గ్లాసులూ, ఐసు పెట్టె కూడా అందులోనే ఉంటాయట. గది తలుపు చూశాను. గొళ్లెం బయటి వైపుంది. విశ్రాంతి తీసుకునేవాళ్లకి గొళ్లెం లోపల కదా ఉండాలి?

డ్రైవరు ముసలాయన. "బస్సు ఆపాలంటే మీకెలా చెప్పాలి?" అని అడిగాను.

"ఇదివరకు బెల్లుండేదమ్మా, ఆ గదిలో. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే పోనివ్వాలి. సర్వీసు బస్సుల్లో నాకు జన్మంతా అదే అలవాటు." ఆయన నా మొహం కేసి చూడలేదు. "పోయిన వానల తర్వాత బాబాయ్ పీకించేశాడు. పనుంటే అద్దం మీద కొట్టండి."

బస్సు కదిలింది. సంత వీధి దాటాం. గోదాములు దాటాం. కాజాలావిడ మొదట సోఫా అంచున అతిథిలా కూచుంది. తర్వాత చెప్పులు విడిచింది. ఆ తర్వాత ఎవరూ చెయ్యి పట్టుకు లాగకుండానే లేచి ఆడింది. అలా చేతులెత్తి ఆడుతున్న మనిషిని చూసి మాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"గ్లాసులు తెస్తా పిన్నీ," అని చిట్టి వెనక గదిలోకి వెళ్లింది.

ముందు వాసన వచ్చింది. అత్తరు వాసన కింద ఇంకొకటి... తడి ఆరకుండా మూట కట్టిన బట్టల వాసన. తర్వాత పాట ఆగింది. ఎవరూ ఆపలేదు. దీపాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎరుపు, నీలం, ఎరుపు. చెక్క తలుపు మెల్లగా మూసుకుంది.

గొళ్లెం... దానంతటదే పడింది.

"చిట్టీ!"

నేను తలుపు కేసి రెండడుగులు వేశాను.

టంగ్.

బెల్లు. లేని బెల్లు. అందరం అలాగే నిలబడిపోయాం. బస్సు నెమ్మదించింది. చక్రాల కింద కంకర వినపడింది. ఆగుతోంది... ఆగబోతోంది...

టంగ్.

బస్సు ఒక్క ఊపున ముందుకి దూకింది. మేం సోఫాల మీద పడ్డాం. నేను లేచి అద్దం మీద గుద్దాను. డ్రైవరు తిరగలేదు. ఆయన భుజాలు వణుకుతున్నాయి. కాలు మాత్రం వేగం పెంచుతూనే ఉంది. వెనక ఆడవాళ్లు గొళ్లెం పట్టుకుని లాగుతున్నారు. ఊడి రావడం లేదు. లోపల ఏడుపు. ఒక గొంతు చిట్టిది.

రెండోది ఎవరిదో...

నా సంచిలో గుడ్డలు కోసే పెద్ద కత్తెర ఉంది. దాని పిడితో కొట్టాను. కొట్టాను. మళ్లీ కొట్టాను. అద్దం పగిలింది. డ్రైవరు కాలర్ పట్టుకుని, "ఆపరా!" అని అరిచాను. మా నాన్న వయసున్న మనిషిని అంత మాట ఎప్పుడూ అనలేదు.

బస్సు ఆగింది. గొళ్లెం అలవోకగా పైకి లేచింది.

వెలుతురు కోసం అందరూ కర్టెన్లన్నీ చరచరా పక్కకి లాగేశారు. చిట్టి గది మూల ముడుచుకుని ఉంది. చూపుడు వేలు ఇంకా గోడ మీదే ఉంది. ఆ వేలి కింద ఒక బొక్క, తెగిన వైర్లు రెండు. అంతే.

"ఎవరో ఉన్నారు పిన్నీ," అని గొణిగింది. "నా చెయ్యి పట్టుకుని ఇక్కడ పెట్టింది. ఒక్కసారే నొక్కు అంది. ఒక్కసారే... బస్సు ఇంకా ఆగలేదని భయమేసి మళ్లీ నొక్కేశాను. అప్పుడు ఏడ్చింది. నేనూ అదే చేశాను... అంది."

నాకు ఒళ్లు భగ్గున మండింది.

అందర్నీ కిందికి దింపాను. రోడ్డుకి రెండు పక్కలా కోసేసిన పొలాలు. ఎక్కడా మనిషి లేడు. డ్రైవరు రోడ్డు పక్కన కూలబడి ఉన్నాడు.

"ఆ పిల్ల పడిపోయిన రోజు ఎన్ని బెల్లులు కొట్టింది?"

"చాలా కొట్టిందమ్మా. రెండేసి... రెండేసి. పోనివ్వమంటున్నారనుకున్నా."

ప్రాణం మీదికొచ్చిన మనిషి ఒక్కసారి నొక్కి, చేతులు కట్టుకుని మర్యాదగా కూచుంటుందా? మళ్లీ నొక్కుతుంది. మళ్లీ మళ్లీ నొక్కుతుంది. మొదటిసారి మీరు వినలేదని నొక్కుతుంది. ఆడది ఒకసారి అరిస్తే చాలదంటారు, రెండుసార్లు అరిస్తే ఇష్టమేనంటారు. ఆ లెక్క ఎవడు రాశాడు?

"ఆ గదిలో ఆమెతో ఎవరున్నారు?"

డ్రైవరు రోడ్డు కేసి చూశాడు. దూరంగా బైకు వస్తోంది. "ఆ రోజు బైకు తేలేదు," అన్నాడు. "బస్సులోనే ఉన్నాడు."

బాబాయ్ దిగుతూనే పగిలిన అద్దం చూసి అందుకున్నాడు. "మతిగాని పోయిందా మీకు? ఇందుకే ఆడవాళ్లకి బండివ్వకూడదనేది!"

"గదిలో బెల్లు మోగింది," అంది కాజాలావిడ.

ఆయన మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే ఆ నవ్వు వచ్చింది. "దెయ్యమా? పదండి, నేనే చూపిస్తా." ఎక్కి, వెనక గదిలోకి నడిచాడు. గొంతు పెంచాడు. "ఏం చెల్లీ, ఉన్నావా? బాబాయొచ్చాడు, రా!"

తలుపు పడింది. గొళ్లెం పడింది. మేమందరం రోడ్డు మీదే ఉన్నాం.

టంగ్.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. లోపల బాబాయ్ చెక్కలు బాదుతున్నాడు. "తియ్యండే! ఏయ్, తియ్యి!" డ్రైవరు నా కేసి చూశాడు. నేను చిట్టి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనలేదు.

టంగ్.

"రెండు కొట్టారమ్మా," అన్నాడు డ్రైవరు. కళ్లు తుడుచుకుని బస్సెక్కాడు.

ఎండ ఇంకా అలాగే ఉంది. బస్సు మెల్లగా మమ్మల్ని దాటుకుంటూ కదిలింది. వెనక గది కిటికీ మీద బాబాయ్ అరచేతులు రెండూ బాదుతున్నాయి. వాటి పక్క నుంచి ఒక సన్నటి చెయ్యి వచ్చి, కుచ్చు చెదరకుండా, పద్ధతిగా కర్టెన్ వేసింది.

దాని ముందు కిటికీకి... ఇంకో చెయ్యి వచ్చింది. దాని మణికట్టుకి ఎర్ర దారం. దాని ముందు కిటికీకి ఇంకొకటి, చిన్నపిల్లది. ఒక్కో కిటికీకి ఒక్కో చెయ్యి. ఒకదాని తర్వాత ఒకటి కర్టెన్లన్నీ మూసుకున్నాయి.

నేను ఒక్క చెల్లి గురించే విన్నాను.