సీసపు గనికి ఇచ్చిన జవాబు

మా ఆఫీసు మాదాపూర్‌లో ఓ అద్దాల టవర్ కింద, రెండో బేస్‌మెంట్‌లో ఉంటుంది. పైన ఎండ మండిపోతున్నా, వాన కుమ్మేస్తున్నా మాకు పట్టదు. నేనక్కడ సౌండ్ ఇంజనీర్ని. ఎప్పుడో మూతపడ్డ ఒక సీసపు గని చరిత్రని, హెడ్‌సెట్ పెట్టుకుని చూసే టూర్‌గా తయారుచేస్తున్నాం. ఆ గనిలో పనిచేసిన మనిషి గొంతు కావాలన్నారు. మా నాన్న విశ్వేశ్వరరావు ఉండగా వేరేవాళ్లెందుకని, ఓ మధ్యాహ్నం ప్రగతి నగర్ నుంచి ఆయన్ని లాక్కొచ్చాను. ఇన్నేళ్లు హైదరాబాద్‌లో ఉన్నా గుంటూరు యాస వదలని మనిషి. మైకు ముందు మొహమాటపడతారేమో అనుకున్నాను గానీ, గాజు గదిలో కూర్చోగానే రెచ్చిపోయారు. నేను గాజుకి ఇవతలి గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డ్ చేస్తున్నాను.

రాజుల కాలంలో జనం పాకుతూ తవ్విన ఇరుకు బిలాలు, వాటి కిందుగా కంపెనీ వేసిన సొరంగాలు, దీపం వెలుగు పడితే రాయిలో సీసం తళుక్కుమనడం... అన్నీ చెప్పారు. కొమురయ్య దగ్గరికొచ్చేసరికి గొంతు దిగిపోయింది. నాన్నతో పనిచేసిన ఆయనది కరీంనగర్ వైపు. పైకప్పు కూలి, ఇంకొందరితో పాటు లోపలే ఉండిపోయాడు.

"లోపలున్నవాళ్లు రాతి మీద కొట్టేవాళ్లమ్మా. ఇవతల మాకు వినిపిస్తానే ఉంది."

"మరి మీరు తిరిగి కొట్టలేదా?"

"తిరిగి కొడితే వస్తున్నామని మాటిచ్చినట్టు. గనిలో అది కట్టుబాటు. నీళ్లు ముంచుకొస్తున్నాయి, వెళ్లలేమని తెలుసు. ఎవరమూ కొట్టలేదు."

ఇద్దరం కదలకుండా కూర్చుండిపోయాం. మనిషి కదలకపోతే ఆరిపోయే లైట్లు మావి. పొదుపట! రెండు గదుల్లోనూ ఆరిపోయాయి.

హెడ్‌ఫోన్స్‌లో... టక్. టక్.

మళ్లీ మొదలుపెడదామని నాన్న బల్ల మీద కొడుతున్నారనుకున్నాను. రికార్డింగ్‌కి సిద్ధమని చెప్పడానికి మేం గాజు మీద కొడతాం. అలవాటు కొద్దీ కొట్టేశాను.

నాన్న ఊపిరి బిగపట్టడం వినిపించింది.

"కొట్టింది నేను కాదమ్మా..." గుసగుసగా అన్నారు. "జవాబెందుకిచ్చావే?"

చేతులూపాను. లైట్లు వెలగలేదు. తడి రాతి వాసన... ఎక్కడో నీటి చుక్కలు... హెడ్‌ఫోన్స్ బల్ల మీద పడేసి గాజు గది తలుపు దగ్గరికి పరుగెత్తాను. పిడి తడిగా ఉంది. లాగాను. రాలేదు. లోపల దెబ్బలు... ఒకరివి కావు. చాలామందివి.

"నాన్నా!"

ఉన్నట్టుండి తలుపు తెరుచుకుంది. లైట్లు వెలిగాయి. నాన్న కుర్చీలోనే ఉన్నారు. బయటికి లాగి గట్టిగా పట్టుకున్నాను. ఒళ్లు వెచ్చగానే ఉంది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది, ఏడ్చేశాను.

ఆయన నన్ను విడిపించుకుని, బల్ల మీది వాటర్ బాటిల్ ఎత్తి గటగటా తాగేశారు. పక్కదీ తాగేశారు. మూతి తుడుచుకుని, నన్నెప్పుడూ చూడనట్టు చూశారు.

"ఇంక జర నీళ్లుంటె ఇయ్యి బిడ్డా. ఎనుక ఇంకా మంది వస్తున్నరు."

బల్ల మీది హెడ్‌ఫోన్స్‌లోంచి, ఎంతో దూరం నుంచి, సన్నగా మా నాన్న గొంతు...

"ప్రశాంతీ... ఇక్కడ బాగా చీకటిగా ఉందమ్మా... నువ్వు మాత్రం రావద్దు."