పదిహేడో నంబరు బయటికి

మా ఇంట్లో గుమ్మం పక్కన ఒక ఇనప కుర్చీ, దాని ముందు ఒక ప్లాస్టిక్ టబ్బు ఉండేవి. అన్నయ్య ఫుట్‌బాల్ ప్రాక్టీసు నుంచి రాగానే ఆ కుర్చీలో కూలబడి, బూట్లు విప్పి, గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టుకునేవాడు. అమ్మ నీళ్ళు పోస్తూ తిట్టేది. వాడు కళ్ళు మూసుకుని నవ్వేవాడు. వాడు పోయాక కూడా కుర్చీ అక్కడే ఉంది. కాలేజీ డిబేట్లలో ఎదుటివాళ్ళకి ఊపిరాడనివ్వను గానీ, దాన్ని తీసేద్దామని అమ్మతో అనడానికి నాకు నోరు పెగల్లేదు.

ఊరంతా అన్నయ్యని పిడుగు అనేది. నన్ను పిడుగు చెల్లెలు అంటారు, ఇప్పటికీ. వాడు ఆట మధ్యలో, మైదానంలోనే, గుండె ఆగి పోయాడు. పెళ్ళి వయసు కూడా సరిగ్గా రాలేదు. ఏటా అదే రోజున అభిమానులు వాడి పేరు మీద ఒక మ్యాచ్ పెడతారు. వాడి జెర్సీ నంబరు పదిహేడు. పదిహేడో నిమిషంలో ఆట ఆపుతారు, స్టాండంతా లేచి నిలబడి, రెండు చేతులూ గుండెల ముందు ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిప్పుతుంది. అది పిడుగు గుర్తు. గోడల మీద బొమ్మల్లో అదే, టీషర్టుల మీద అదే. అలా తిప్పుతూ ఒకే గొంతుతో అరుస్తారు.

"పోవద్దు... పోవద్దు... పిడుగూ పోవద్దు..."

ఆ మ్యాచ్ జరిగిన మర్నాడు పొద్దున టబ్బులో నీళ్ళు బురదగా ఉండేవి. అమ్మే ఏదో చేస్తోందనుకున్నాను. దుఃఖంలో మనిషి ఏమైనా చేస్తుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిరుడు మాత్రం మ్యాచ్ అయ్యాక దీపం ఆర్పి ముందు గదిలోనే పడుకున్నాను.

ముందు వాసన వచ్చింది. తడిసిన గడ్డి, నొప్పుల మందు. గడియ తీసిన చప్పుడు లేదు. కుర్చీ మాత్రం బరువుగా కిర్రుమంది. నీళ్ళు కదిలాయి. తర్వాత ఊపిరి... ఎంతో దూరం పరుగెత్తి వచ్చినవాడి ఊపిరి. అది ఎంతకీ నెమ్మదించలేదు.

"ఇంకా ఎంతసేపమ్మా?"

బదులుగా చీకట్లో అమ్మ గొంతు. నిద్రలేక అరిగిపోయిన గొంతు.

"ఇంకాసేపే నాన్నా."

పొద్దున అమ్మ ఏమీ ఎరగనట్టు టబ్బు కడుగుతోంది. ఆమె కళ్ళ కింద నలుపు నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ వాడికి ఆ అబద్ధం ఆమె ఒక్కతే చెబుతోంది. ఇంకో ఏడాది చెప్పే ఓపిక ఆమెలో లేదు.

అందుకే ఈ ఏడు అభిమానుల మీటింగుకి వెళ్ళాను. సైకిల్ షాపు పైన ఒక ఇరుకు గది. వాళ్ళకి పెద్ద, బాకా మావయ్య. మాకు చుట్టం కాదు. ఫ్రిజ్జులు బాగుచేస్తాడు, మ్యాచుల్లో బాకా ఊదుతాడు, మనిషి తలుపంత ఉంటాడు. నన్ను చూడగానే, కుర్చీలు దాచుకోండ్రా, లాయరమ్మ వచ్చింది అన్నాడు. అందరూ నవ్వారు. అరుపులు ఆపమన్నాను. ఇంకా నవ్వారు. ఏడాదికి ఒక్క నిమిషం అరిస్తే మీ సొమ్మేం పోయిందని ఒకడు, మేం మరిచిపోతే వాణ్ణి ఇంకెవరు తలుచుకుంటారని ఇంకొకడు. అన్నీ విన్నాను. దెయ్యం సంగతి ఎత్తలేదు. ఎత్తితే అక్కడికక్కడే ఓడిపోతానని తెలుసు. ఒక్క ప్రశ్న అడిగాను.

"ఆ చేతులు తిప్పడం ఏంటో తెలుసా మీకు?"

డాన్సన్నారు. గోల్ కొట్టిన సంబరమన్నారు.

కాదని చెప్పాను. ఆడలేను, నన్ను మార్చండి అని ఆటగాడు బెంచీ వైపు చూపించే సైగ అది. ఆ రోజు అన్నయ్య ఛాతీ పట్టుకుని, ఆ తర్వాత చేతులు తిప్పాడు. కోచ్ చూశాడు. లైను దగ్గర ఆటగాళ్ళని మార్చే బోర్డు లేచింది, బయటికి రావాల్సిన నంబరు ఎర్ర దీపాల్లో, పదిహేడు. అప్పుడు ఈ స్టాండ్ గోల పెట్టింది. పోవద్దు పోవద్దని. మొదట ఎత్తుకున్నది బాకా. కోచ్ జంకాడు, బోర్డు దిగింది. అన్నయ్య స్టాండ్ వైపు ఒకసారి చూసి వెనక్కి తిరిగి పరుగెత్తాడు. అక్కడే కూలిపోయాడు, ఇక లేవలేదు.

బాకా మావయ్య చేతులు ఒళ్ళో పడ్డాయి.

"మాకు తెలీదే అమ్మాయ్," అన్నాడు.

గెలిచాను. ఎదుటివాళ్ళు కళ్ళు దించుకోవడం నాకు బాగా అలవాటైన దృశ్యం. ఎప్పటి సంతోషం మాత్రం రాలేదు. ఈసారి అరుపులు వద్దనుకున్నాం. ఆ రోజు దించిన బోర్డు మళ్ళీ ఎత్తాలి. బయటికొచ్చే ఆటగాడికి కొట్టినట్టు అందరూ చప్పట్లు కొట్టాలి, అంతే. బోర్డు నేనే ఎత్తుతానన్నాడు మావయ్య.

మ్యాచ్ రోజు మధ్యాహ్నమంతా వాన పడి సాయంత్రానికి తెరిపిచ్చింది. మైదానం చిత్తడిగా ఉంది. స్తంభాల దీపాల చుట్టూ పురుగులు ముసిరాయి. అమ్మా నేనూ లైను పక్కనే, ముందు వరసలో కూర్చున్నాం. అమ్మ ఒళ్ళో మడతపెట్టిన తువ్వాలు. ఎందుకని నేను అడగలేదు. పదిహేడో నిమిషంలో విజిల్ వేశారు. ఆటగాళ్ళు పక్కకి జరిగారు. మైదానం ఖాళీ అయింది.

బాకా మావయ్య బోర్డు ఎత్తాడు. ఒక పక్క ఎర్రగా పదిహేడు. లోపలికి వెళ్ళేవాళ్ళ నంబరు పచ్చగా వెలగాల్సిన రెండో పక్క చీకటి.

చప్పట్లు మొదలయ్యాయి. మెత్తగా, వానలా.

అప్పుడు ఆ కొస గోల్ దగ్గర నీళ్ళు చిందాయి.

గాలి అనుకున్నాను. మళ్ళీ చిందాయి, కాస్త ఇవతల. ఒక అడుగు. ఈడ్చుకుంటూ ఇంకో అడుగు. ఖాళీ మైదానం మీద నీటి గుంటలు ఒక్కొక్కటే చెదురుతున్నాయి... మా వైపు. చప్పట్లు అక్కడక్కడా ఆగి, పూర్తిగా ఆగిపోయాయి. నొప్పుల మందు వాసన. ఊపిరి. ఆ ఊపిరి.

లైను దాకా వచ్చింది.

ఆగింది.

దాటలేదు.

"రాడు," అంది అమ్మ నా చెవిలో. "జట్టులో ఒకళ్ళు తక్కువైతే వాడు రాడు. ఎవరో ఒకళ్ళు లోపలికెళ్ళాలి."

అంటూనే వంగి చెప్పులు విప్పుతోంది. మణికట్టు పట్టుకున్నాను. గుంజుకుంది. ఆ ఎముకల్లో అంత బలం ఎక్కడిదో... ఇంకో క్షణమైతే నా చేయి జారిపోయేది. ఎదురుగా బాకా మావయ్య నిలబడి ఉన్నాడు. లైనుకి అడుగు దూరం.

"మావయ్యా," అన్నాను. "ఒక్క అడుగు. వాడు ఇంటికొచ్చేస్తాడు. నువ్వే ఆపావుగా ఆ రోజు."

ఒకళ్ళని ఒప్పించాలంటే ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు. ఆయన నా వైపు చూశాడు. బోర్డు కింద పెట్టాడు. అరచేయి ముందుకు చాపి, లైను దాటాడు.

టప్.

గాల్లో ఆయన అరచేతికి ఎవరిదో అరచేయి తగిలింది. అందరం విన్నాం. తర్వాత తడి అడుగులు లైనుకి ఇవతల... మా ముందు నుంచి... అమ్మ ఒళ్ళో తువ్వాలు కొస లేచి పడింది. వాసన పోయింది. అమ్మ ఏడుస్తూ నవ్వింది. బాకా మావయ్య బయటికి వచ్చి, అరచేయి ప్యాంటుకి తుడుచుకుని, చల్లగా ఉందే అన్నాడు.

ఆ రాత్రి టబ్బులో నీళ్ళు తేటగా ఉన్నాయి. అమ్మ బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. కుర్చీ, టబ్బు డాబా మీదికి చేర్చాను. అమ్మ వద్దనలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది.

ఎండలు ముదిరాక ఒక లీగ్ మ్యాచ్‌కి వెళ్ళాను. ఈ మధ్య బాకా మావయ్య ఫ్రిజ్జుల షాపు తెరవడం లేదని, ఎంత పడుకున్నా పరుగెత్తి వచ్చినవాడిలా లేస్తున్నాడని ఆయన భార్య చెప్పింది. ముందు వరసలో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. చూస్తుండగానే కమ్మీ వదిలాడు. రెండు చేతులూ గుండెల ముందుకొచ్చాయి. తిరగడం మొదలుపెట్టాయి.

వెనక కుర్రాళ్ళు చూసి కేకేశారు. పెద్దాయన మొదలెట్టాడ్రా అన్నారు. వరస తర్వాత వరస లేచింది. స్టాండంతా చేతులు తిప్పుతోంది. ఆ పాత అరుపు ఎవరో అందుకున్నారు. పోవద్దు... పోవద్దు...

వాళ్ళని తోసుకుంటూ ఆయన దగ్గరికి చేరాను. నెలగా చుక్క వాన లేదు. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడి బురద.

"కూర్చో మావయ్యా."

"ఎలా కూర్చోనే?" గుసగుసగా, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "ఎవరో ఒకళ్ళు రావాలిగా... నువ్వు మాట్లాడు అమ్మాయ్. నువ్వు చెబితే ఎవరైనా వింటారు."

చుట్టూ చూశాను. అన్నీ నవ్వుతున్న మొహాలు. చాలామంది నాకంటే చిన్నవాళ్ళు. నోరు తెరిచాను. మూసుకున్నాను. ఆయన చేతులు పట్టుకుని ఆపబోయాను. ఆగలేదు. మంచుగడ్డల్లా ఉన్నాయి.

ఎలా ఇంటికొచ్చానో తెలీదు. తలుపు బార్లా తీసి ఉంది. వంటింట్లో నీళ్ళు కాగుతున్నాయి. గుమ్మం పక్కన ఇనప కుర్చీ మళ్ళీ వచ్చి ఉంది. అమ్మకి నేనింకా ఏమీ చెప్పలేదు.

"ఎవరికమ్మా?"

"పాపం, అంత భారీ మనిషి. కాళ్ళు లాగేస్తుంటాయి," అంది అమ్మ.

కుర్చీ ముందు పెద్ద టబ్బు ఉంది, కొత్తది. దాని పక్కనే అన్నయ్య పాత టబ్బు కూడా.

"మరి ఇది?"

అమ్మ రెండింట్లోనూ నీళ్ళు పోసింది. పాత టబ్బులో వేలు ముంచి వేడి చూసింది. నా కాళ్ళకంటిన తడి బురద వైపు మాత్రం చూడలేదు.