ట్రాక్టరు గుద్దని కాళ్లు

రెండువేల మూడు చెరుకు సీజన్లో ఏసుదాసును ట్రాక్టరు గుద్దిందన్న కబురు బోధన్ అంతా పాకింది. ఆదివారం చర్చిలో పాస్టరయ్య అతని కోసం కళ్లనీళ్లు పెట్టుకుని ప్రార్థన చేశాడు. ట్రాక్టర్లు మెల్లగా తోలించాలని సంఘపెద్దలు గట్టిగా మాట్లాడుకున్నారు కూడా.

పాపం, ఏ ట్రాక్టరూ దాసు జోలికి రాలేదు. తన కంప్యూటర్ సెంటర్‌కు తాళం వేసి, హైదరాబాద్ పోయి, తనంతట తానే రెండు కాళ్ల ఎముకలూ కోయించుకుని వచ్చాడు. ఎందుకయ్యా అంటే, పొడుగు పెరగడానికి.

సంగతి తల్లి శారమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మోకాళ్ల కింది నుంచి మడమల దాకా ఇనుప చట్రాలు. వాటి మరలను రోజూ చిన్న పానాతో కొంచెం కొంచెం తిప్పాలి. తిప్పినకొద్దీ కోసినచోట ఎడం పెరుగుతుంది, ఆ ఎడంలో కొత్త ఎముక పోసుకుంటుంది. శారమ్మ ఒక కన్ను మూసుకుని తిప్పేది, రెండో కన్నుతో ఏడ్చేది.

అలాంటి ఒక సాయంత్రం తలుపు చప్పుడయింది.

"వందనాలమ్మా. పాస్టరయ్య పంపిండు. డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానల ఫిజియోథెరపీ చేస్త" అంటూ ఒక పొడుగాటి అమ్మాయి, చౌకట్టు తగలకుండా తల వంచుకుని లోపలికి వచ్చింది.

దాసుకు పై ప్రాణాలు పైనే పోయాయి. సలోమి!

పోయిన వేసవిలో శక్కర్‌నగర్‌లో వాళ్లింటికే పెళ్లిచూపులకు వెళ్లాడు. అమ్మాయి పొడుగని విని, ఎత్తు మడమల బూట్లు కొనుక్కుని మరీ వెళ్లాడు. వీధిలో రాజకుమారుడిలా నడిచాడు. గుమ్మం దగ్గరికి రాగానే, పద్ధతి తెలిసిన పిల్లవాడు కదా, బూట్లు విప్పి లోపలికి అడుగుపెట్టాడు. ఇంట్లోకి చెప్పులతో ఎవరూ పోరన్న ముక్క, కొనేటప్పుడు అతనికీ తట్టలేదు, మెచ్చుకున్న మేనమామకూ తట్టలేదు. లోపల అమ్మాయి నాయనమ్మ ఈడుజోడు చూద్దామని ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది. సలోమి పకాలున నవ్వింది. దాసు చాయ్ కూడా తాగకుండా వచ్చేశాడు. ఆ నవ్వే అతన్ని హైదరాబాద్ దాకా తరిమింది.

ఇప్పుడు దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"చలి పెడుతున్నదా?" అంది సలోమి.

"జ్వరం."

"కాళ్లకొచ్చిందా జ్వరం? తియ్యుండ్రి."

దుప్పటి ఆమే తీసింది. ఈ కాలు చూసింది, ఆ కాలు చూసింది.

"మస్తు ట్రాక్టరు సార్. రెండు కాళ్లకు ఒక్క తీరుగ, ఒక్క కొలతల గుద్దింది. డ్రైవరు టేపు పట్టుకొని తోలిండా?"

శారమ్మ చాయ్ పెట్టాలంటూ వంటింట్లోకి పారిపోయింది.

"చర్చిల చెప్తవా?" అన్నాడు దాసు గొంతు తగ్గించి.

"నేనెందుకు చెప్త? మా అమ్మ నీ కోసం శుక్రవారం శుక్రవారం ఉపాసముంటున్నది. ఆమెకు నువ్వే చెప్పుకో."

ఆనాటి నుంచి సలోమి డిచ్‌పల్లిలో డ్యూటీ దిగి, బోధన్ బస్సెక్కి, సాయంత్రాలు వచ్చేది. పాదానికి తువ్వాలు వేసి తనవైపు లాగేది. దాసు అరిచిన అరుపులకు ఎదురింటివాళ్లు ట్రాక్టరును మళ్లీ తిట్టుకునేవారు.

"సంపుతవా నన్ను? నొప్పి!"

"మా దవాఖానల కాళ్లల్ల మొల దిగినా తెల్వనోళ్లున్నరు. నొప్పి తెలుస్తున్నదంటే దేవునికి స్తోత్రం చెప్పు."

"స్తోత్రం. ఇగ ఇడువు."

"ఇంకొక్కసారి చెప్పు, ఇడుస్త."

ఆమె నవ్వుతుంటే దాసుకు కోపం రావలసింది. రావడం లేదు. కోపం బదులు మరేదో వస్తోందని గ్రహించేసరికి, సాయంత్రమైతే తల దువ్వుకుని కూర్చునే అలవాటు పడిపోయింది. శారమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఒకరోజు అకాలవర్షం. బస్సు చెరుకు బండ్ల వెనుక చిక్కుకుపోయి, సలోమి తడిసి ముద్దయి వచ్చింది. దాసు తన తువ్వాలే ఇచ్చాడు. ఆమె తల తుడుచుకుంటూనే అతని పాదం కింద చెయ్యి పెట్టి చూసి, నవ్వడం మానేసింది.

"మడిమ కిందికొస్తలేదు. నరం గుంజుకపోతున్నది. డాక్టర్ ఏమన్నడు?"

"సోమవారం రమ్మన్నడు. గిక్కడికి ఆపుతవో, ఇంకో ఇంచు పెంచుకుంటవో నువ్వే చెప్పుమన్నడు."

"ఏం చెప్తవు?"

"ఇంచు కావాలె."

"దాసూ, పెంచితే మునిగాళ్ల మీదనే నడిచే గతి పట్టొచ్చు. ఎవరి కోసం గా ఇంచు?"

"నీకు తెల్వదా? గా దినం నవ్వింది నువ్వు గాదా?"

ఇన్నాళ్లూ మింగిన మాట బయటపడింది. సలోమి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిన్ను చూసి నవ్విన అనుకున్నవా? మా అమ్మ పొద్దటి సంది ఒక్కటే పాట. పొడుగు కనపడకు, చీర లోపట మోకాళ్లు వంచి నిలబడు అని. కిటికీలకెళ్లి నిన్ను చూసి, గింతే వంగితే సరిపోతదనుకున్న. నువ్వేమో బూట్లిప్పి లోపలికొచ్చినవు! ఇంకా వంగిన. ఇంకా తక్కువనే. ఇగ వంగితే కింద కూసునుడే. పిక్కలు పట్టుకుపోయినయ్. నా బతుకు చూసి నాకే నవ్వొచ్చింది."

దాసు నోరు తెరిచాడు. అతనికీ నవ్వు వచ్చింది. నవ్వితే కాళ్లు నొప్పి. అయినా కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"ముందుగాల చెప్పకపోతివి!"

"చెప్దామనే చర్చిల చూసిన. నువ్వు రాకపోతివి. తర్వాత ట్రాక్టరాయె."

వాన పెంకుల మీద సన్నగా పడుతోంది. సలోమి పానా తీసి చేతిలో పట్టుకుంది.

"నా కోసమైతే ఇగ ఆపు. నీ కోసమైతే చెప్పు. నేనే తిప్పుత, నేనే కసరత్తు చేయిస్త. మళ్ల ఒక్క మాట అనను."

దాసుకు బడిలో ప్రార్థనకు పొట్టివాడని ఏటేటా మొదటి వరుసలోనే నిలబెట్టిన రోజులు గుర్తొచ్చాయి.

"కొంత నా కోసమే సలోమీ. అబద్ధమెందుకు. గా కొంత తీరింది. మిగిలిందంతా నీ మీద కోపం. గా కోపం ఇప్పుడు వెతికినా దొరుకుతలేదు. ఆపుత."

"ఆపినా నాకంటే పొట్టిగనే ఉంటవు."

"ఉంట. నీకు తక్లీఫా?"

"నాకేం లేదు" అని ఆమె తల దించుకుంది. చెవుల దాకా ఎర్రబడింది.

"గట్లయితే నన్ను చేసుకుంటవా?"

ఆమె ఊ అనేలోపే గొడుగు దులుపుతూ వాళ్లమ్మ రేణుకమ్మ వచ్చింది. వానలో బిడ్డకు ఆలస్యమైందని వెతుక్కుంటూ వచ్చిన తల్లి, మంచం పక్కన మోకరించి కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ట్రాక్టరు కింద పడ్డ గీ బిడ్డను..."

"అమ్మా, ఆగుండ్రి" అన్నాడు దాసు. "నన్ను ఏ ట్రాక్టరూ గుద్దలే. మీ బిడ్డ పక్కన నిలబడాలని నేనే కోయించుకున్న. తప్పయింది. ఆమెను నాకిస్తరా?"

రేణుకమ్మ కళ్లు తెరిచింది. చట్రాలను చూసింది, బిడ్డను చూసింది. వంటింటి గుమ్మంలోకి శారమ్మ వచ్చి నిలబడింది.

"లేవనెత్తు గా పిలగాన్ని" అంది రేణుకమ్మ చివరికి.

సలోమి వాకర్ అందించి, భుజం పట్టి లేపింది. అతను ఆమె చెవిదాకా వచ్చాడు. ఆమె నిటారుగానే నిలబడింది. రేణుకమ్మ ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ కళ్లు మూసుకుంది.

"ప్రభువా, గీ ఇద్దర్ని ఉన్నది ఉన్నట్టు దీవించు."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సలోమి.